తాత కొన్న పొలం అన్నయ్య ఒక్కడి పేరున ఎక్కితే మిగతావాళ్ల వాటా పోయినట్టేనా?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. ఆంధ్రలో ఆరెకరాల మాగాణి. తాతగారు 1952లో రిజిస్టరు దస్తావేజుతో కొన్నారు. ఆయన 1974లో, నాయనమ్మ 1990లో, నాన్న 1998లో పోయారు. ఎవరూ వీలునామా రాయలేదు. ఇప్పుడు అమ్మ, అన్నయ్య, మీరు, చెల్లెలు ఉన్నారు. వన్-బీలో (రెవెన్యూ వాళ్ల హక్కుల రికార్డులో) ఆరెకరాలూ అన్నయ్య పేరునే ఉన్నాయి. "పెళ్లిళ్లకు ఇచ్చేశాం కదా, ఇంకా వాటా ఏమిటి" అని అన్నయ్య అంటున్నారు. నలుగురికీ తలా ఎకరంన్నర వస్తుందని మీ లెక్క.

ఆ లెక్క తప్పు. "నాన్నకు ఒక అక్క ఉంది, ఆవిడ పెళ్లయి ఎప్పుడో వెళ్లిపోయింది" అని చివర్లో ఒక ముక్క రాసి వదిలేశారు. మీ తగాదాకు మూలం అన్నయ్య కాదు, ఆ ముక్కే.

ఇలాంటి గొడవల్లో అందరూ వాటాలతో మొదలుపెడతారు. ముందు చూడాల్సింది పొలం చరిత్ర: ఎవరు కొన్నారు, ఎవరు ఎప్పుడు పోయారు, ఆ రోజుకు ఎవరెవరు బతికి ఉన్నారు. తాతది స్వార్జితమైతే ఆయన పోయిన రోజున హిందూ వారసత్వ చట్టం, 1956లోని 8వ సెక్షన్ ప్రకారం నాయనమ్మ, నాన్న, మేనత్త ముగ్గురూ సమాన వారసులు. తలా రెండెకరాలు. 1990లో నాయనమ్మ రెండెకరాలు కొడుక్కీ కూతురికీ చెరి ఎకరం చొప్పున వెళ్లాయి. అంటే 1998 నాటికి నాన్నవి మూడెకరాలే, మిగతా మూడూ మేనత్తవి. నాన్న మూడెకరాలు అమ్మకూ ముగ్గురు పిల్లలకూ పంచితే తలా 75 సెంట్లు. మేనత్తను పక్కన పెట్టి దావా వేస్తే, అవసరమైన కక్షిదారును చేర్చలేదని అవతలి వకీలు మొదటి వాయిదాల్లోనే పట్టుకుంటారు.

ఇదంతా పొలం స్వార్జితమైతేనే. ముత్తాత ఆస్తి అమ్మిన డబ్బుతో కొన్నారనో, ఉమ్మడి ఆదాయంతో కొన్నారనో అన్నయ్య వాదించవచ్చు. అది రుజువైతే పొలం ఉమ్మడి కుటుంబ ఆస్తి అవుతుంది, లెక్క మారుతుంది. ఆ మార్పు ఆయన అనుకున్నట్టు ఉండదు. 2005 సెప్టెంబర్ 9 నుంచి కూతురు కూడా పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కుదారు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరు పత్రంతోనో కోర్టు డిక్రీతోనో పంపకం జరిగిపోయి ఉంటేనే దాన్ని కదపలేరు. "నోటిమాటగా ఎప్పుడో పంచుకున్నాం" అంటే మామూలుగా చెల్లదు. ఆ లెక్కలో తగ్గేది అమ్మ వాటా. ఆవిడకు నాన్న వంతులోంచే వస్తుంది మరి.

కాబట్టి ముందు కాగితాలు తెచ్చుకోండి. ఆన్‌లైన్ ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే ఉంటుంది. 1952 దస్తావేజు నకలు కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్స్ వెతికించాలి. కొన్నవారి పేరు, ఊరి పేరు రెండూ ఇవ్వండి. నకలు చేతికొచ్చాక సొమ్ము ఎక్కడిదో అందులో ఏమైనా రాశారేమో చదవండి. ఆర్‌ఎస్‌ఆర్‌లో (పాత సర్వే సెటిల్‌మెంటు రిజిస్టరులో) మీ సర్వే నంబరు ఎదుట పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు కనిపిస్తే అది చుక్కల భూమి. అదో వేరే తలనొప్పి, ముందు దాన్నే చూసుకోవాలి. పాత అడంగళ్లు (ఏటా సాగు రాసే రికార్డులు) ఫసలీ లెక్కలో, అంటే రెవెన్యూ సంవత్సరాల లెక్కలో ఉంటాయి. ఫసలీకి 590 కలపండి: ఫసలీ 1384 అంటే 1974 జులై నుంచి 1975 జూన్ దాకా. తాత పోయిన ఏడాదికి అటూ ఇటూ అయిదేసి ఫసలీల నకళ్లు తీస్తే సాగు ఎవరు చేశారో, పేరు ఎప్పుడు మారిందో తెలిసిపోతుంది. ఊళ్లో రీసర్వే అయిపోయి ఉంటే పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీ (ల్యాండ్ పార్శిల్) నంబరు ఉంటుంది. ఏది ఏదో పట్టిక రాసి పెట్టుకోండి. దావా షెడ్యూలులో (ఆస్తుల జాబితాలో) ఒక నంబరు, క్షేత్రంలో ఇంకో నంబరు ఉంటే అమలు దగ్గర ఆగిపోతారు.

మరణ ధ్రువపత్రాలు మూడూ కావాలి. 1974 నాటిది నమోదు కాకపోయి ఉంటే ఇప్పుడు నమోదుకు పై అధికారి ఉత్తర్వు అవసరం. ఆలస్యమవుతుంది కాబట్టి ఇవాళే మొదలుపెట్టండి.

అన్నయ్య పేరు వన్-బీలో ఉన్నంత మాత్రాన హక్కు ఆయనకు రాలేదు. మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) రెవెన్యూ లెక్క కోసమే. దాని మీద ఆర్డీఓకు అప్పీలు చేసుకోవచ్చు గానీ అందులోనే ఏళ్లు గడిపేయకండి, వాటా తేల్చేది సివిల్ కోర్టే. 1998 నుంచి సాగు ఆయనదే అన్నదీ ఒంటరిగా నిలవదు. ఉమ్మడి హక్కుదారు స్వాధీనం అందరి తరఫున ఉన్నట్టే లెక్క. కానీ "మీకు హక్కే లేదు" అని ఆయన తేటతెల్లంగా చెప్పిన రోజు నుంచి 12 ఏళ్ల గడువు నడవడం మొదలవుతుంది. ఆ మాట వాట్సాప్‌లో అన్నారా, నోటీసు జవాబులో అన్నారా, తేదీ ఏమిటి, దాచుకోండి.

కట్నం, పసుపు కుంకుమలు వాటాకు బదులు కావు. పెళ్లప్పుడు స్టాంపు పేపరు మీద "వదులుకున్నాను" అని సంతకం చేయించుకున్నా, రిజిస్టరు కాకపోతే దానితో భూమి మీద హక్కు పోదు. రేపు ఏ వీలునామా అయినా బయటికి తీస్తే ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయా, వాళ్లలో ఒక్కరైనా బతికున్నారా అని మొదట చూడండి. అది నిజమైనదే అయినా నాన్న తన మూడెకరాల దాకే రాయగలరు.

దావాలో అమ్మ, అన్నయ్య, చెల్లెలు, మేనత్త (ఆవిడ లేకపోతే ఆవిడ వారసులు) అందరూ ఉండాలి. ఇల్లు, దొడ్డి, ఇతర ఉమ్మడి ఆస్తులుంటే షెడ్యూలులో వదలొద్దు. మీరూ ఉమ్మడి స్వాధీనంలోనే ఉన్నారంటే కోర్టు ఫీజు నామమాత్రం. మిమ్మల్ని వెళ్లగొట్టారని రాస్తే మీ వాటా మార్కెట్ విలువను బట్టి కట్టాలి. అందుకే ఆ పేరా మీ వకీలు రాసింది ఒకటికి రెండుసార్లు చదవండి. సబ్ రిజిస్ట్రార్‌కు అభ్యంతరం ఇచ్చినంత మాత్రాన అమ్మకం ఆగుతుందని నమ్మొద్దు. కోర్టులో ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) అడగండి. దావా నడుస్తుండగా ఎవరైనా కొన్నా తీర్పుకు కట్టుబడాల్సిందే.

ప్రిలిమినరీ డిక్రీ రాగానే గెలిచామని ఊరుకునేవాళ్లే ఎక్కువ. అది వాటా ఎంతో చెబుతుంది, పొలంలో ఎక్కడో చెప్పదు. ఫైనల్ డిక్రీ దాకా కేసును నడిపించాలి. అడ్వొకేట్ కమిషనర్ (కోర్టు నియమించిన వకీలు) సర్వేయరుతో వచ్చి కొలిచే రోజు మీరు గట్టు మీద ఉండండి. 75 సెంట్లు కాలువ చివర, దారి లేని మూల పడితే కాగితం మీద సమానమే, కౌలుకు మాత్రం ఎవరూ తీసుకోరు. దారి ఎన్ని అడుగులు, బోరు మోటారు ఏ రోజులు ఎవరిది, నీళ్లు ఎవరి చేలోంచి పారాలి, ఇవన్నీ కమిషనర్ నివేదికలో రాయించాలి. రాజీకి వస్తే రిజిస్టరు పంపక దస్తావేజులోనూ ఇవే అంశాలు ఉండాలి, మేనత్త సంతకంతో సహా.