విశ్వాసమున్నా భయం పోదేం?

ప్రశ్న: దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడని నమ్ముతాను. అయినా ఉద్యోగం గురించి, పిల్లల గురించి భయంతో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నా విశ్వాసంలోనే లోపముందా? – ఒక పాఠకురాలు

జవాబు: భయం కలగడమే అవిశ్వాసం కాదమ్మా. 1956 జనవరిలో, అమెరికాలోని మాంట్‌గోమరీలో, బస్సుల్లో నల్లజాతివారిపై వివక్షకు నిరసనగా సాగిన బస్సుల బహిష్కరణకు నాయకత్వం వహిస్తున్న మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్‌కు ఒక రాత్రి పొద్దుపోయాక బెదిరింపు ఫోన్ వచ్చింది. నిద్ర పట్టక ఆయన వంటింట్లో కాఫీ కాచుకుని, తనకిక ధైర్యం మిగల్లేదని దేవునితో పైకే చెప్పుకున్నారు. ఆయన స్వయంగా పాస్టరు, పైగా పాస్టరు కుమారుడు. అయినా ఆ ఒప్పుకోలు తర్వాతే దేవుడు తనను ఒంటరిగా విడువడన్న నిబ్బరం కలిగిందని తదనంతరం వివరించారు. కొద్ది రోజులకే ఇంటిపై బాంబు పడినప్పుడు, కోపంతో గుమిగూడిన జనాన్ని ఆయనే శాంతపరిచి పంపారు.

బైబిల్లోని యోహాను మొదటి పత్రిక (లేఖ) నాలుగో అధ్యాయం పరిపూర్ణ ప్రేమ భయాన్ని వెళ్లగొడుతుందంటూనే, ఆ భయం దండనతో కూడినదని చెబుతుంది. అక్కడి ప్రస్తావన దేవుని తీర్పును గురించిన భయమే గాని స్కూలు ఫీజుల దిగులు కాదు. ఈ రెండింటినీ కలిపి విశ్వాసులను నిందించే బోధ నాకు రుచించదు. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం చెప్పే స్వేచ్ఛ, దాసులుగా కాక బిడ్డలుగా 'అబ్బా (అరామిక్ భాషలో 'నాన్నా'), తండ్రీ' అని మొరపెట్టగలగడం. కాబట్టి ప్రార్థనలో ధైర్యం నటించకండి. నిద్రలేమి ఇలాగే కొనసాగితే డాక్టరును కూడా కలవండి.