హీటర్ ఆన్ కావడం లేదు: లోపం కాయిల్‌దేనా?

ప్రశ్న: మా 2000 వాట్ల ఫ్యాన్ హీటర్‌ను ఈ చలికాలం అటక మీంచి దించితే లైటూ వెలగలేదు, ఫ్యానూ తిరగలేదు. అదే సాకెట్‌లో సెల్ చార్జర్ పనిచేస్తోంది. కాయిల్ పోయిందంటున్నాడు మెకానిక్. మార్పించమంటారా?
- ఒక పాఠకురాలు, ఆదిలాబాద్

జవాబు: అప్పుడే వద్దు. మామూలు ఫ్యాన్ హీటర్లలో కాయిల్ తెగినా ఫ్యాన్ తిరుగుతుంది, చల్లగాలి వస్తుంది. లైటు, ఫ్యాన్ రెండూ లేవంటే కరెంటు కాయిల్ దాకా చేరడమే లేదు.

చార్జర్‌ను చూసి సాకెట్‌ను నమ్మకండి. అది లాగేది 0.1 ఆంపియరు, అటూఇటూగా. హీటర్‌కు 8.7 కావాలి. పైగా కొన్ని సాకెట్లలో సన్న పిన్నులకూ లావు పిన్నులకూ రంధ్రాలు వేరు. హీటర్‌ను మరో గదిలోని 16 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి చూడండి. కన్వర్టర్ ప్లగ్గుతో 6 ఆంపియర్ల దానిలో మాత్రం వద్దు, కరిగిపోతుంది.

థర్మోస్టాట్ (గది వేడిని బట్టి హీటర్‌ను నడిపేది, ఆపేది) నాబ్ పూర్తిగా తిప్పండి. తక్కువలో ఉంటే మధ్యాహ్నపు వెచ్చని గదిలో హీటర్ అసలు కదలదు, అది లోపం కాదు. ప్లగ్గు తీసి అడుగున చూడండి. చాలా మోడళ్లకు అక్కడ చిన్న మీట ఉంటుంది, హీటర్ పడిపోతే కరెంటు ఆపేది అదే. నొక్కితే టిక్కుమనాలి. తివాచీ మీద పెడితే అది సరిగా నొక్కుకోదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే మల్టీమీటర్ (ఓమ్‌లు, అంటే కరెంటుకు ఎదురయ్యే నిరోధాన్ని, కొలిచే పరికరం) తీయండి. ప్లగ్గు సాకెట్‌లో ఉండకూడదు. నాబ్ ఫుల్లు, స్విచ్ 2000 మీద, హీటర్ నిలువుగా. రెండు చిన్న పిన్నుల మధ్య 24 నుంచి 27 ఓమ్‌లు చూపాలి. ఏమీ చూపకపోతే తీగను ప్లగ్గు దగ్గర, బాడీలోకి దూరే చోట అటూఇటూ వంచండి. అంకె వచ్చి పోతుంటే లోపల తీగ తెగినట్టే. లావు ఎర్త్ పిన్నుకూ మిగతా పిన్నులకూ మధ్య ఏ అంకె కనిపించినా హీటర్ వాడకండి.

తీగ బాగుంటే ఇక అనుమానం థర్మల్ ఫ్యూజు మీదే, వేడి మితిమీరితే కరెంటు ఆపేది అది. కాయిల్ పక్కన చిన్న లోహపు గొట్టంలా ఉంటుంది, ఒకసారి పోతే తిరిగి రాదు. మెకానిక్ 'డైరెక్ట్ చేసేస్తా' అంటే ఒప్పుకోవద్దు, మంట రాకుండా ఆపే చివరి అడ్డు అదే. దాని మీదున్న డిగ్రీలు, ఆంపియర్లే ఉన్న కొత్తది వేయించండి. టంకం వేడికే అది పోతుంది కాబట్టి క్రింప్ చేయించడం (తీగ చివరలను చిన్న లోహపు తొడుగులో నొక్కి బిగించడం) మేలు.

ఆ ఫ్యూజు ఊరికే పోదు, ఫ్యాన్ సరిగా తిరగక కాయిల్ మరీ వేడెక్కినా పోతుంది. ఫ్యాన్ రెక్కను వేలితో తిప్పి చూడండి. బిగుసుకుని ఉంటే జాలీలోని దుమ్ము బ్రష్‌తో దులిపి, ఇరుసుకు ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేయించండి. లేదంటే కొత్త ఫ్యూజూ పోతుంది.