ఊరు చూడటం వేరు, బాబాయిని చూడటం వేరు

ప్రశ్న: నా వయసు 47. హైదరాబాద్‌లో ఉంటాం. డిసెంబర్ సెలవుల్లో పిల్లలతో కలిసి కారులో పూరీ దాకా వెళ్లొద్దామని మావారు ప్లాన్ వేశారు. దారిలో తణుకు పక్కనే మా ఊరు. ఇరవై ఏళ్లు వచ్చేదాకా అక్కడే పెరిగాను. వానొస్తే మండువాలో గంగాళాలు పెట్టి నీళ్లు పట్టడం, తణుకు ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు బళ్ల వెనక పరుగెత్తి గడలు లాగడం ఇప్పటికీ కలలోకి వస్తాయి. 1998లో నాన్న, బాబాయి ఆస్తిని రిజిస్టర్ చేసుకుని పంచుకున్నారు. బయటివాళ్లు ఎక్కువ ఇస్తామన్నా నాన్న ఇంట్లో తన వాటా బాబాయికే రాసిచ్చారు. డబ్బు దగ్గర మాటామాటా పెరిగి రాకపోకలు తెగిపోయాయి. మామ్మ పెద్దకర్మకి 2003లో వెళ్లిందే ఆఖరు. నాన్న 2019లో పోతే బాబాయి రాలేదు. తర్వాత ఆయన ఫోన్ చేస్తే అమ్మ ఎత్తలేదు. ఈమధ్య బాబాయి కొడుకు ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫొటోలో మా ఇంటి అరుగు కొట్టేసి షాపులు కట్టి ఉన్నాయి. రాత్రంతా నిద్రపట్టలేదు. మావారేమో ‘ఐదు నిమిషాలు ఆపుతా, ఫొటో తీసుకో’ అంటున్నారు. అమ్మ ‘ఆ గుమ్మం తొక్కితే మీ నాన్న ఆత్మ క్షోభిస్తుంది’ అంటోంది. వెళ్లాలా, వద్దా?

జవాబు: వెళ్లండమ్మా. కానీ ఐదు నిమిషాల కోసం మాత్రం వెళ్లకండి. అలా వెళితే వెళ్లినట్టూ ఉండదు, వెళ్లనట్టూ ఉండదు. పూరీ దాకా ఆ బెంగ మీతోనే కారులో కూర్చుంటుంది.

మీరు ఒక ప్రశ్న అడిగారు గానీ అందులో రెండున్నాయి. ఊరు చూడాలా అన్నది ఒకటి, బాబాయి గడప తొక్కాలా అన్నది రెండోది. ఆ ఇల్లూ ఆ మనిషీ ఒకే చోట ఉండటం వల్ల మీకు రెండూ కలిసిపోయి కనిపిస్తున్నాయి. అందుకే ఇంత టెన్షన్. ఊరికి వెళ్లడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాలవ గట్టు, బడి, గుడి, మీరు నడిచిన వీధి ఏ పంపకాల కాగితంలోనూ లేవు. బాబాయిని కలవాలా అన్నది మాత్రం నిదానంగా ఆలోచించుకోవాల్సిన విషయం. ముందు ఊరు ఖాయం చేసుకోండి.

ఇంత వయసొచ్చాక ఇదేం పిచ్చి అని మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారేమో. అమెరికాలో జెర్రీ బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, చిన్నప్పటి ఇంటిని చూడటానికి తిరిగి వెళ్లినవాళ్లను వందల మందిని కలిసి అడిగారు. అలా వెళ్లేవాళ్లు అక్కడా చాలామందే. కొందరు బాల్యాన్ని మళ్లీ ఒకసారి తాకి రావడానికి వెళ్తారు. కొందరు జీవితంలో ఏదో కష్టంలో ఉండి, తాము ఎక్కడి నుంచి బయల్దేరామో చూసుకోవడానికి వెళ్తారు. ఇంకొందరికి అక్కడ తేలకుండా మిగిలిపోయిన వ్యవహారం ఉంటుంది. మీ ఉత్తరంలో మొదటిదీ మూడోదీ కనిపిస్తున్నాయి. మొదటిదాన్ని ఊరు తీర్చగలదు. మూడోది గోడల్ని చూస్తే తీరదు, మనుషులతో మాట్లాడితేనే ఏమైనా తేలుతుంది.

ఇక ఇల్లు. మారిపోయిన ఇంటిని చూసినప్పుడు దుఃఖం రావడం మామూలే. ఒక్కోసారి కోపం కూడా వస్తుంది. అరుగు పోయిందని మీకు ముందే తెలియడం ఒకందుకు మంచిదైంది, అక్కడికెళ్లాక ఒక్కసారిగా దెబ్బ తగలదు. బయల్దేరే ముందు ఆ ఫొటోని మీవారి పక్కన కూర్చుని ఇంకోసారి చూడండి. ఈ షాపు ఉన్నచోట ఏముండేదో, ఎవరు ఎక్కడ కూర్చునేవారో ఆయనకి చెప్పండి. ఏడుపొస్తే అక్కడే రానివ్వండి. ‘ఐదు నిమిషాలు’ అన్న మనిషి ఆ తర్వాత ఆ మాట అనరని నా నమ్మకం. ఆయనది నిర్లక్ష్యం కాదు, ఆయన దృష్టిలో అది మ్యాప్‌లో ఒక చుక్క. అది ఇల్లని ఆయనకి తెలియాలంటే మీరే చెప్పాలి.

మ్యాప్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఇప్పుడు గుండుగొలను దగ్గర తిరిగి దేవరపల్లి, కొవ్వూరు మీదుగా వెళ్లే కొత్త రోడ్డు ఉంది. ఫోన్ మీకు అదే చూపించొచ్చు, అటు వెళితే తణుకు అసలు తగలదు. పాత రోడ్డులో వెళ్లాలని ముందే అనుకోకపోతే గుండుగొలను దాటాక కారులో గొడవ మొదలవుతుంది. హైదరాబాద్ నుంచి విశాఖ ఒకే రోజులో అంటే 600 కిలోమీటర్ల పైమాటే, ఒక్కరే నడపాలంటే నడుం పడిపోతుంది. తణుకు దాదాపు 400 దగ్గర వస్తుంది. ఆ రాత్రికి అక్కడే లాడ్జిలో ఆగండి. మర్నాడు పొద్దున్నే, పిల్లలు లేవకముందే, మీరిద్దరే ఊళ్లోకి వెళ్లండి. డిసెంబర్ మంచి సమయం. సార్వా వరి కోతలయ్యి, రెండో పంట దాళ్వాకి నారుమళ్లు పోస్తుంటారు, కాలవలో నీళ్లుంటాయి. అదే ఎండాకాలం వెళితే కాలవలు కట్టేసి ఉంటాయి, ఊరు కూడా వెలవెలబోతుంది.

కారు ఊరి మొదట్లో ఆపి నడవండి. ఇంటిముందు కారు దిగితే చుట్టుపక్కలవాళ్లంతా బయటికొస్తారు, పలకరింపులతోనే పొద్దు గడిచిపోతుంది. వీధులు ఇరుకుగా, ఇళ్లు చిన్నగా కనిపిస్తాయి. చిన్నపిల్ల ఎత్తు నుంచి చూసిన కొలతలే మనసులో ఉండిపోవడం వల్ల అందరికీ అలాగే అనిపిస్తుంది.

ఇప్పుడు మీ అమ్మగారు. ఆవిడ ‘ఆ గుమ్మం తొక్కను’ అంటే అది ఆవిడ హక్కు. ఆ గుమ్మంలో ఆవిడ పడిన మాటలు మీకు అన్నీ తెలియకపోవచ్చు. కోడలిగా వచ్చిన ఇంటి నుంచి మాట పడి బయటికి రావడం, ఆ ఇంట్లో పుట్టిన కూతురి బెంగ లాంటిది కాదు. ఆవిడని రమ్మని బతిమాలకండి. అలాగని దాచిపెట్టి మాత్రం వెళ్లకండి. ఎవరో పెట్టిన వాట్సాప్ స్టేటస్‌లో మిమ్మల్ని ఆ వీధిలో చూస్తే ఆవిడకి రెండోసారి అవమానం జరిగినట్టే. ఎదురుగా కూర్చుని చెప్పండి: ‘అమ్మా, నాన్న పడిన బాధ నేను మర్చిపోలేదు. వాళ్లది తప్పు కాదని చెప్పడానికి నేను వెళ్లడం లేదు. నేను పెరిగిన చోటు చూడాలని ఉంది.’ అలిగితే అలగనివ్వండి. వాదించకండి.

నాన్న ఆత్మ సంగతి అన్నారు. మీ ఉత్తరంలో మీరే రాసిన ఒక వాక్యాన్ని మీరు సరిగ్గా పట్టించుకోలేదనిపించింది. బయటివాళ్లు ఎక్కువ ఇస్తామన్నా ఆయన తన వాటా తమ్ముడికే రాసిచ్చారు. కోపం ఉంది, మాటలు పోయాయి, అయినా ఇల్లు పరాయిచేతికి పోనివ్వలేదు. ఇరవై ఏళ్ల మౌనం ఎంత నిజమో ఆ సంతకమూ అంతే నిజం. మీరు ఆ ఊరికి వెళితే ఆయన బాధపడతారని నేననుకోను. మీ అమ్మగారితో కూడా ఈ మాట ఎప్పుడైనా అనండి, ఇప్పుడే కాకపోయినా.

ఇక బాబాయిని కలవాలా? నా అభిప్రాయం అడిగితే, కలవండి. ఆయనకి వయసు మీదపడుతోంది. 2019 తర్వాత ఆయన ఒకసారి ఫోన్ చేశారు, ఎత్తనిది మీవైపువాళ్లు. ఆ ఫోన్ ఎందుకు చేశారో మీకు ఈరోజుకీ తెలియదు. కానీ ఆయన క్షమించమంటారని, కన్నీళ్లు పెట్టుకుంటారని ఆశపెట్టుకుని వెళితే వట్టి చేతులతో వస్తారు. కాఫీ ఇచ్చి, పిల్లలేం చదువుతున్నారని అడిగి ఊరుకోవచ్చు. అంతే జరిగినా అది తక్కువేం కాదు. నాన్న పోయినప్పుడు ఎందుకు రాలేదని అడగాలనిపిస్తే, పిన్ని, పిల్లలు, మీవారు అందరి ముందూ కాదు, ఆయన ఒక్కరూ ఉన్నప్పుడు అడగండి.

ఒకటి మాత్రం ముందే తెలుసుకుని వెళ్లండి. ఇన్నేళ్ల తర్వాత ఆడపిల్ల పుట్టింటి గుమ్మంలో కనిపిస్తే, వాటా కోసమే వచ్చిందని ఎవరో ఒకరు అనుకుంటారు. మన ఊళ్లలో అది సహజం. 2005లో వారసత్వ చట్టం మారి కూతుళ్లకి కొడుకులతో సమాన హక్కు వచ్చిన సంగతి ఇప్పుడు పల్లెల్లో అందరికీ తెలుసు. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలను ఆ సవరణ తిరగదోడదని చాలామందికి తెలియదు. కాబట్టి మాటల్లో వీలు చూసుకుని ‘ఊరు చూద్దామని వచ్చాం బాబాయ్, ఇంకేం లేదు’ అని తేటగా అనేయండి. మీవారిని కూడా షాపుల అద్దెలు, గజం రేట్లు అడగొద్దని ముందే హెచ్చరించండి. మీకు నిజంగానే ఆస్తి విషయంలో సందేహం ఉంటే అది లాయర్ దగ్గర విడిగా తేల్చుకోండి. ఈ ప్రయాణంలోకి తేకండి.

పిల్లలకి ఆసక్తి లేకపోతే బలవంతపెట్టకండి. లేచాక టిఫిన్ టైముకి వాళ్లని తీసుకొచ్చి, మీ బడి, చెరకు బళ్లు వెళ్లిన రోడ్డు చూపిస్తే చాలు. గడలు ఎలా లాగేవారో చెప్పండి, అది వింటారు.

బాబాయికి మాత్రం వారం ముందే ఫోన్ చేయండి. ఆయన కొడుకు నంబర్ ఫేస్‌బుక్‌లోనే అడిగి తీసుకోవచ్చు. మీవారి చేతో, పిన్ని ద్వారానో కాకుండా మీరే మాట్లాడండి. ఫలానా రోజు పొద్దున్న తణుకులో ఉంటాం, వీలుంటే ఒక గంట వస్తాం అని చెప్పండి. రమ్మంటే సరే. రావద్దంటే, ఊరు ఎలాగూ చూస్తారు కదా, కాలవ గట్టు నుంచే వెనక్కి వచ్చి పిల్లల్ని లేపండి.