సబ్ ఫర్ సబ్ గ్రూపుల్లో ఏడాది పోగొట్టుకున్నా, అందుకే చెప్తున్నా

"ఛానల్ పెట్టి ఎనిమిది నెలలైంది, 340 సబ్‌స్క్రైబర్ల దగ్గరే ఆగిపోయింది, పెద్ద ఛానల్స్ వాళ్ళని కొలాబ్ అడిగితే రిప్లై కూడా లేదు" అన్నారు కదా, అచ్చం నా కథే. నాది చేనేత చీరల ఛానల్, చౌటుప్పల్ నుంచి చేస్తా.

మొదట్లో నేనూ ఆ వాట్సాప్ గ్రూపుల్లోనే పడున్నా, నువ్వు నా ఛానల్‌కి సబ్‌స్క్రైబ్ కొట్టు, నేను నీదానికి కొడతా అని. వెయ్యి దాటారు గానీ వీడియో పెడితే 40 వ్యూస్, అవీ అర నిమిషానికే జారుకునేవాళ్ళవి. యాడ్స్ డబ్బులు రావాలంటే 1000 మందితో పాటు ఏడాదిలో 4000 గంటల వాచ్‌టైం కావాలి, అది వీళ్ళెక్కడ ఇస్తారు? పైగా అలా చేయడం యూట్యూబ్ రూల్స్‌కే విరుద్ధమట, తర్వాత తెలిసింది.

ఒకసారి ఏదో ప్రింటు చీర పట్టుకుని పోచంపల్లి ఇక్కత్ అని చెప్పేశా. కింద ఒకాయన కామెంట్: "తమ్మీ, తిప్పి సూడు, ఎనకాల రంగు ఎలిసినట్టుంది, అది ప్రింటు." ఒళ్ళు మండింది, డిలీట్ కొట్టేద్దామనుకున్నా. రెండ్రోజులాగి ఆయన్నే నంబర్ అడిగి ఇంటికెళ్ళా. అక్కడ చూస్తే నూలుకి రబ్బరు ముక్కలు బిగించి కట్టి రంగులో ముంచుతున్నారు, కట్టిన చోట రంగెక్కదు, అంటే మగ్గం ఎక్కకముందే డిజైన్ దారంలో ఉంటుందన్నమాట, అందుకే చీర రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. నా తప్పు ఒప్పుకుంటూ అదే వీడియో చేసి పెట్టా. ఆయన చీరలకి ఫోటోలు కూడా తీసిచ్చా, ఊరికే, ఆయన ఫోన్లో తీసుకున్నవన్నీ మసకగా ఉండేవి లెండి.

ఆయన ఆ వీడియోని వాళ్ళ నేతగాళ్ళ గ్రూపులో వేశాడు. అక్కణ్ణుంచి పుట్టపాక తేలియా రుమాల్ నేసే అన్న పరిచయమయ్యాడు (అదీ ఇక్కత్ బట్టే, ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలు నానబెడతారు, ఆ వాసన ఇప్పటికీ నా కెమెరా బ్యాగుకి ఉంది), ఆయన ద్వారా ఒక బొటిక్ అక్క, ఆమె కస్టమర్లు. వీళ్ళు వీడియో చివరిదాకా చూస్తారు, తప్పుంటే తిడతారు కూడా.

సో మీరు ఏ సబ్జెక్టు చేస్తున్నారో ఆ పని చేసేవాళ్ళ దగ్గరికెళ్ళండి, తోటి యూట్యూబర్ల వెంట తర్వాత పడొచ్చు. మెసేజ్ పెట్టేటప్పుడు "ప్రమోట్ చేయండి సర్" అనొద్దు, వాళ్ళ పనిలో ఒక డౌట్ అడగండి, నిజంగా మీకున్న డౌటే. నాకు పది మెసేజ్‌లకి మూడు రిప్లైలు వచ్చేవి, ఆ మూడే చాలు. మీ ఛానల్ దేని మీదో చెప్పలేదు, కామెంట్లో రాయండి.