పంది చావకపోతే ప్రమాదం లేనట్టేనా?

ప్రశ్న: మాది విజయవాడ శివారు. మా వీధి వెనుక బుడమేరు గట్టు వెంట పందులు తిరుగుతుంటాయి. నిపా వైరస్ సోకిన పందుల్లో చాలావరకు చావవని, వాటంతట అవే కోలుకుంటాయని చదివాను. పందే తట్టుకునే జబ్బుకు మనం ఇంతగా భయపడడం ఎందుకు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీరు చదివిన మాట నిజమే. అయితే పంది తట్టుకోగలగడమే ఈ జబ్బులో మనిషికి ముప్పు తెచ్చింది. మలేసియాలో 1998లో ఈపో పరిసరాల్లోని పందుల పెంపకందార్లకు మెదడువాపు రావడం మొదలైనప్పుడు, వాళ్ల పాకల్లో పందులు గుంపులుగా చచ్చిపడి ఉంటే కొత్త జబ్బేదో వచ్చిందన్న అనుమానం వెంటనే కలిగేది. కానీ పెద్ద పందుల్లో చావులు 5 శాతానికి మించలేదు. ఎక్కువ భాగం జ్వరంతో, నోరు తెరిచి ఆయాసపడుతూ, కుక్క మొరిగినట్టు దూరానికి వినిపించే దగ్గుతో కొన్నాళ్లు బాధపడి తేరుకున్నాయి; కొన్నింటిలో ఏ లక్షణమూ బయటపడలేదు. పాలు తాగే పంది పిల్లల్లో మాత్రం చావులు చాలా ఎక్కువ, 40 శాతం దాకా ఉన్నాయి.

ఈ వైరస్ పంది గొంతులోని టాన్సిళ్లలో, శ్వాసనాళాల లోపలి పొరలో బాగా పెరుగుతుంది. అక్కడి కణాలను ఒకదానితో ఒకటి కలిపేసి పెద్ద ముద్దలుగా మారుస్తుంది. చీమిడిలో, దగ్గు తుంపరల్లో కలిసి బయటికి వస్తుంది. కొన్ని రకాల తెల్లరక్తకణాల్లోకి కూడా చొరబడి రక్షణశక్తిని తగ్గిస్తుంది కనుక, అదను చూసి వేరే బాక్టీరియా ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఇంచుమించు వారం పది రోజుల్లో ప్రతిరక్షకాలు తయారై వైరస్‌ను అణచడం మొదలుపెడతాయి. ప్రమాదమంతా ఆ వారం పది రోజుల్లోనే ఉంది. చూసేవారికి అది మామూలు దగ్గే. పెంపకందారు దగ్గరికి వెళ్లి మూతి పట్టుకుని మందు పోస్తాడు, బేరం కుదిరితే లారీ ఎక్కిస్తాడు. అలా లారీల మీదే జబ్బు దక్షిణాన ఉన్న సుంగై నిపా గ్రామానికి, 1999 మార్చి నాటికి సింగపూర్ కబేళా కార్మికులకు చేరింది. మనిషిలో ఈ వైరస్ మెదడు రక్తనాళాలను దెబ్బతీస్తుంది. మలేసియాలో జబ్బుపడిన 265 మందిలో 105 మంది మరణించారు. 10 లక్షలకు పైగా పందులను చంపవలసి వచ్చింది.

తొలి నెలల్లో దీన్ని, దోమల ద్వారా ఎక్కువగా పిల్లలకు వచ్చే జపనీస్ మెదడువాపుగా భావించి దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. కానీ పడిపోతున్నవారు పిల్లలు కారు, పందులను చేతులతో పట్టుకునే పెద్దవాళ్లు. వారిలో టీకా వేయించుకున్నవారూ ఉన్నారు. చివరికి డాక్టర్ చువా కా బింగ్ ఒక రోగి నుంచి కొత్త వైరస్‌ను వేరుచేయడంతో అసలు సంగతి తెలిసింది. పాకల పక్కనే నాటిన పండ్ల చెట్లపై వాలిన పెద్ద గబ్బిలాలు కొరికి వదిలిన పండ్ల ద్వారా అది పందులకు సోకిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

దీనికి పూర్తిగా ఎదురు, 2020 నుంచి మన దేశంలో వినిపిస్తున్న ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. అది సోకిన మందలో దాదాపు అన్నీ చనిపోవచ్చు గాని మనిషికి అంటదు. కాబట్టి పంది ఎంత తీవ్రంగా జబ్బుపడింది అన్నదాన్ని బట్టి మనకున్న ప్రమాదాన్ని కొలవరాదు.

ఇక మీ వీధి సంగతి. మన దేశంలో 2001లో సిలిగురిలో, 2018లో కోళికోడ్‌లో వచ్చిన నిపాలో పందుల పాత్ర కనబడలేదు. నా దృష్టిలో, వరిచేల నడుమ ఉన్న మన కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో పందుల విషయంలో ముందుగా తలచుకోవలసింది పైన చెప్పిన జపనీస్ మెదడువాపునే. అందులోనూ పెద్ద పంది చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. చూడి పందులకు మాత్రం చచ్చిన పిల్లలు పుడతాయి. అయితే ఇక్కడ వైరస్ దగ్గుతో కాక, కొద్దిరోజులపాటు పంది రక్తంలో విపరీతంగా పెరిగి, వరిమడుల్లో పుట్టే క్యూలెక్స్ దోమ కాటుతో మనిషికి చేరుతుంది. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే మీ ప్రాంతంలో ఈ టీకా వేస్తున్నారేమో ఆరోగ్య కేంద్రంలో అడగండి; సాయంత్రం నుంచి దోమతెర వాడండి. గట్టు మీద పందులు వరుసగా దగ్గుతున్నా, ఈనిన పిల్లలు చచ్చి పుడుతున్నా, ముట్టుకోకుండా పశువైద్యాధికారికి కబురు చేయండి. ఆయన చూసేదాకా వాటిని అమ్మవద్దని, వేరేచోటికి తోలవద్దని పెంచేవారికి నచ్చజెప్పండి.