వీణ నేర్చుకున్న నాకే తాళం దొరకట్లేదు సార్!

ప్రశ్న: సార్ నమస్తే, మాది గుంటూరు బ్రాడీపేట. మా అబ్బాయి బీటెక్, సెలవులకి ఇంటికొచ్చి పొద్దున్నే స్పీకర్లో ఏదో ఆల్బం పెట్టాడు. నికోల్ మిచెల్ అనే ఫ్లూట్ ఆవిడది అంట, పేరు జెనోజెనెసిస్ సూట్ అంట, సైన్స్ ఫిక్షన్ నవల చదివి చేసిన ఫ్రీ జాజ్ అంట. నేను చిన్నప్పుడు వీణ నేర్చుకున్నా, నాకే తాళం దొరకలేదు, మధ్యలో ఒకావిడ అరుస్తా ఉంది, మా అత్తగారు పూజ మధ్యలో లేచొచ్చారు. ఇందులో కథ ఎక్కడుంది? అసలు ఇది సంగీతమేనా?

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారికి నా తరఫున సారీ చెప్పండి, అది పూజ టైంలో పెట్టే ఆల్బం కాదు. సంగీతమేనా అంటే సంగీతమే, అందులో డౌట్ లేదు. ఫ్రీ జాజ్ అంటే ముందే కట్టిన తాళం, స్వరాల చట్రానికి కట్టుబడకుండా అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే జాజ్. మన బెజవాడ సంగీత కళాశాలకి ప్రిన్సిపల్‌గా చేసిన బాలమురళీకృష్ణగారు నాలుగే స్వరాలతో లవంగి పాడితే ఇదీ ఒక రాగమేనా అన్న పెద్దలు లేకపోలేదు కదా.

కథ ముందు చెప్తా, అది తెలిస్తే ఆ అరుపు సంగతి తెలుస్తుంది. రాసింది ఆక్టేవియా బట్లర్, అమెరికన్ నల్లజాతి రచయిత్రి, 2006లో పోయారు. 1987 నుంచి 1989 దాకా ఏడాదికొకటి చొప్పున వచ్చిన మూడు నవలల కథ ఇది. అణుయుద్ధంలో భూమి నాశనమైపోతే మిగిలిన కొద్దిమందిని ఓన్‌కాలి అనే గ్రహాంతరవాసులు తమ ఓడలోకి తీసుకెళ్ళి నిద్రపుచ్చి ఉంచుతారు. లిలిత్ అనే ఆవిడకి మెలకువ వచ్చాక ఒకరోజు ఎదురుగా ఒంటినిండా మెలికలు తిరిగే తీగల్లాంటి టెంటకిల్స్ ఉన్న జీవి వచ్చి కూర్చుంటుంది, మర్యాదగానే మాట్లాడుతుంది, ఏమీ చెయ్యదు, అయినా ఈవిడ దాని దగ్గరికి పోలేదు, ప్రమాదం లేదని బుర్రకి తెలుసు గానీ ఒళ్ళు వినదు. పైగా వాళ్ళు ఊరికే కాపాడలేదు, మన జన్యువులు కావాలి వాళ్ళకి, ఇకమీదట పుట్టే పిల్లలు సగం మనం సగం వాళ్ళు. కాపాడారా కబ్జా చేశారా అనేది బట్లర్ తేల్చదు, నాకు నచ్చేది అదే.

మిచెల్ ఈ కథని పాటగా చెప్పలేదు. ఆ ఒళ్ళు వినకపోవడం ఉందే, దాన్ని పట్టుకుంది. ఆల్బం 2008లో వచ్చింది, ట్రాకుల పేర్లు చూడండి, స్మెల్ ఆఫ్ ఫియర్, అడ్రినలిన్, ఇంకోటి ఓన్‌కాలి. మీరు అరుపు అన్నది మాంక్వే ఎన్‌డోసి గొంతు, చాలాచోట్ల మాటలే ఉండవు, మూలుగు, గుటక, కేక, అంతే. మరి భయపడ్డ మనిషి సాహిత్యం స్పష్టంగా పలుకుతూ పాడదు కదమ్మా!

తాళం సంగతి. మన కచేరీలో కల్పనస్వరాలు ఎంత దూరం పోయినా రాగం తాళం కాపలా ఉంటాయి, పాడేవాళ్ళు ముందు, వయొలిన్ వెనక, మృదంగం చూసుకుంటూ. మిచెల్ బ్యాండ్‌లో పక్కవాద్యం అనే పోస్టు లేదు, ఫ్లూట్, చెల్లో (వయొలిన్‌కి పెద్దన్న లాంటి తీగవాద్యం), శాక్స్, పియానో, డ్రమ్స్, గొంతు, ఎవరు ఎప్పుడు ముందుకొస్తారో చెప్పలేం. దసరా ముందు సాయంత్రం బీసెంట్ రోడ్డులో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నా మీ బేరం మీకు వినపడుద్ది చూడండి, అలా ఒకరి మీద చెవి పెట్టాలి. ఎవరు ముందు, ఎవరు వెనక అనే ఈ గొడవే ఓన్‌కాలి వాళ్ళు మనుషుల్లో కనిపెట్టిన జబ్బు కూడా, తెలివి ఉంది, దాంతోపాటు ఒకడి మీద ఒకడు పెత్తనం చేసే బుద్ధీ ఉంది, రెండూ కలిసి కొంప ముంచాయి అంటారు. మీరు అడిగిన కథ నాకైతే ఇక్కడే దొరికింది, ఎవరు ఎవర్ని తొక్కేస్తున్నారు, ఎవరు ఎవరికి చోటిస్తున్నారు అనే దాంట్లో. అలాగని ఎవడికి తోచింది వాడు వాయించేసిన సరుకు కాదు ఇది, మిచెల్ రాసి పెట్టుకున్న భాగాలు చాలానే ఉన్నాయి, వాటి మధ్య వదిలేసిన జాగాలో మనోధర్మం, అంటే అప్పటికప్పుడు తోచింది అల్లడం. కొన్నిచోట్ల ఆ రాత కాస్త ఎక్కువైందని కూడా నాకనిపిస్తుంది, ఇంకొంచెం వదిలేయాల్సింది.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు హెడ్‌ఫోన్స్‌లో వినండి, ముందు టొమెకా రీడ్ చెల్లో ఒక్కటే పట్టుకోండి, వీణ చెవికి తీగ తొందరగా దొరుకుద్ది. అప్పటికీ నచ్చకపోతే వదిలేయండి, మీ అబ్బాయేం ఫీలవడు.

ప్రశ్న: అన్నా, అమెరికన్ శాక్స్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్‌కి సైన్స్ ఫిక్షన్ అనే ఆల్బమే ఉంది కదా, అది ఏ నవల? – విజయవాడ, లబ్బీపేట నుంచి ఒక డిగ్రీ స్టూడెంట్

జవాబు: ఏ నవలా కాదు తమ్ముడూ, పేరు ఒక్కటే అది. 1971లో రికార్డ్ చేశాడు, టైటిల్ ట్రాక్‌లో ఒక కవి మాట, పసిపిల్ల ఏడుపు, వాటి వెనక బ్యాండంతా ఒకేసారి విరుచుకుపడటం. అందులో రెండు పాటలు పాడింది మన బొంబాయి అమ్మాయి ఆశా పుత్లీ, ఆ సంగతి చాలామందికి తెలీదు, నువ్వు ముందు అవే విను. ఆ తర్వాత వెనక్కి పోయి 1960 డిసెంబర్‌లో ఇతనే చేసిన ఫ్రీ జాజ్ అనే ఆల్బం విను, ఎడమ స్పీకర్లో నలుగురు, కుడి స్పీకర్లో నలుగురు, దాదాపు 37 నిమిషాలు ఆపకుండా. ఫోన్ స్పీకర్లో మాత్రం వినకు, ఎనిమిది మందీ ఒకే చోట కుక్కినట్టుంటుంది.