ముందు మిద్దె సంగతి చూడు

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన కాంట్రాక్టరు అంచనా కాగితం చదివాను. నాలుగు గదులకు నాలుగు ఏసీలు, పడమటి ముఖానికి నిలువెత్తు అద్దం, పాత టేకు కిటికీలు పీకేసి వాటి చోట స్లైడింగువి, పైన ఇంకో అంతస్తు, చిట్టచివర సోలార్ పలకలు. ఇంత చేసి దానికి 'గ్రీన్ హోమ్' అని పేరు కూడా పెట్టాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇలాంటి అంచనాలు చూడటమే నా పని కనుక మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఈ కాగితంలో ఉన్నవన్నీ తలకిందుల వరసలో ఉన్నాయి. ముందు ఇంట్లోకి వేడి రాకుండా చూసుకోవాలి, తర్వాత వచ్చిన వేడి బయటికి పోయే దారి చూడాలి, అప్పటికీ మిగిలినదానికి కరెంటు ఖర్చు పెట్టాలి. అతను చివరి దానితో మొదలుపెట్టాడు.

అన్నిటికన్నా ముందు పై అంతస్తు విషయం తేల్చుకోండి. అది తేలకుండా మిద్దె మీద రూపాయి పెట్టినా వృథా. మీ నాన్న ఇల్లు కట్టించినప్పుడు ముందుచూపుతో పిల్లర్ల చువ్వలు పైకి వదిలిపెట్టించాడు. ముప్ఫై ఏళ్ళుగా అవి ఎండకు ఎండి వానకు తడిశాయి. ఒక ఆదివారం పూట ఇనుప బ్రష్షు తీసుకుని పైకి వెళ్ళి ఒక చువ్వను మొదటి దగ్గర గట్టిగా గీకి చూడు. గోధుమరంగు పొడి రాలితే ఫరవాలేదు. పొరలు పొరలుగా పెచ్చులు ఊడి, చువ్వ నడుము సన్నబడి కనిపిస్తే మాత్రం దానికే కొత్త చువ్వ కట్టి పిల్లరు లేపుతానన్న మేస్త్రీని నమ్మొద్దు. స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించి పునాది, పిల్లర్లు ఎంత బరువు మోస్తాయో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ ఫీజు దగ్గర బేరాలాడొద్దు. పైన కట్టదగినదే అని అతను చెబితే గోడలకు ఏఏసీ బ్లాకులు, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు బ్లాకులు వాడండి. ఎర్ర ఇటుక బరువులో సుమారు మూడో వంతే ఉంటాయి, వేడిని కూడా అంత తేలిగ్గా లోపలికి రానివ్వవు. అయితే వాటికి వాటి మోర్టారే వాడాలి, పిల్లరూ గోడా కలిసే చోట వల వేసి ప్లాస్టరింగ్ చేయాలి. మామూలు ఇటుకకు చేసినట్టే చేస్తే ఏడాది తిరగకముందే జుట్టంత పగుళ్ళు వస్తాయి. తర్వాత తప్పు బ్లాకుదే అంటారు.

అనుమతి గురించి కూడా వినండి. లోపల రంగులు, ప్లాస్టరింగ్, గచ్చు మార్చడం లాంటి వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అంతస్తు వేయాలంటే కావాలి. 2020లో తెలంగాణలో ఇళ్ళ అనుమతుల కోసం వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. మీ 200 గజాల స్థలం అందులోకి రాదు. పది మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి దొరుకుతుంది. వినడానికి సులువుగానే ఉంది కానీ, అందులో ఒక మెలిక ఉంది. ప్లాను నిజమేనని సంతకం పెట్టేది నువ్వు. ఇచ్చిన వివరాలు తప్పని తేలితే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం అదే చట్టం ఇచ్చింది. 'పక్క ఖాళీలోకి రెండడుగులు జరుపుదాం, ఎవరు చూస్తారు' అనే మేస్త్రీ రేపు సంతకం పెట్టడు. అల్లుడుగారికి కూడా ఈ మాట చదివి వినిపించు.

నన్నడిగితే, పిల్లలు చిన్నవాళ్ళు, మీరు నలుగురే ఉన్నారు, ఇప్పుడు అంతస్తు ఎందుకు? ఉన్న ఇంటినే చల్లబరుచుకోండి. రాత్రి పదింటికి కూడా ఫ్యాను వేడిగాలే కొడుతోందని అన్నావు కదా. పగలంతా కాగిన శ్లాబు రాత్రి ఆ వేడిని కిందికి వదులుతుంది, ఫ్యాను దాన్నే తిప్పి మీ మీదికి కొడుతుంది. కింద ఏసీ పెట్టి పైన శ్లాబును కాగనివ్వడమంటే నెలనెలా ఎండకు కప్పం కట్టడమే. రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, ప్రభుత్వ, వాణిజ్య భవనాలతో పాటు 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకు దాన్ని తప్పనిసరి చేసింది. మీ ఇల్లు ఆ లెక్కలోకి రాదు, ఎవరూ వచ్చి అడగరు. అయినా చేయించు. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేస్తే లోపల రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తేడా తెలుస్తుంది.

డబ్బు తక్కువైతే సున్నం వేయించు. ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ వేయాలి, అంతే. కాస్త పెట్టగలిగితే కూల్ రూఫ్ పెయింటు. ఇంకా పెట్టగలిగితే తెల్ల టైల్సు, లేదా పగిలిన పింగాణీ ముక్కలతో పరిచే చైనా మొజాయిక్. ఏది వేసినా అసలు పని దాని కిందే ఉంటుంది. ఒక బకెట్టు నీళ్ళు మిద్దె మధ్యలో పోసి చూడు. తూము వైపు వెళ్ళకుండా ఎక్కడైనా మడుగు కడితే ముందు అక్కడ వాటం సరిచేయించు. పిట్టగోడ, శ్లాబు కలిసే మూల పొడుగునా సిమెంటుతో గుండ్రంగా గోలా తీయించు, చెమ్మ సాధారణంగా దిగేది ఆ మూలలోంచే. పగుళ్ళు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, అది బాగా ఆరాకే తెల్ల పూత. చెమ్మ మీద రంగు వేస్తే వానాకాలం వెళ్ళేసరికి పొంగి ఊడుతుంది. తెల్ల పూతకు దుమ్ము శత్రువు, అప్పుడప్పుడు కడగకపోతే సగం ఫలితం పోతుంది. ఆ కడిగే పని ఎవరిదో ఇప్పుడే మాట్లాడుకోండి.

సోలార్ పెట్టించుకునే ఆలోచన ఉంటే దాని స్టాండ్లకు కావలసిన కాంక్రీటు దిమ్మెలు ఈ పూత కన్నా ముందే పోయించు. పూత అంతా అయ్యాక డ్రిల్లింగ్ యంత్రం పట్టుకుని వచ్చి శ్లాబుకు తూట్లు పొడిస్తే చేసిన వాటర్‌ప్రూఫింగ్ అంతా నీళ్ళపాలు.

ఇక ఆ అద్దం. ఇల్లు పడమటి ముఖం. సాయంత్రం ఎండ ఏటవాలుగా నేరుగా గోడను కొడుతుంది. అక్కడ నిలువెత్తు అద్దం పెట్టి, వెనక పరదా వేసి, ఆ వెనక ఏసీ వేసి కూర్చోవడం నాకు అర్థం కాదు. వీధిలో వెళ్ళేవాళ్ళు చూడటానికి మీరు కరెంటు బిల్లు కట్టాలా? అదే డబ్బుతో కిటికీల మీద సజ్జాలు ముందుకు పెంచండి, వరండాకు జాలీ పెట్టించండి, ప్రహరీ లోపల ఒక వేపచెట్టుకు చోటు వదలండి. కొత్త మోజు కావాలంటే హైటెక్ సిటీ దగ్గరున్న సీఐఐ-సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ గురించి తెలుసుకోండి. పర్యావరణానికి మేలు చేసే భవనాలకిచ్చే 'లీడ్' రేటింగులో అన్నిటికన్నా పై మెట్టయిన ప్లాటినం గుర్తింపును అమెరికా బయట మొట్టమొదట తెచ్చుకున్న భవనం అది, 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించారు. అంత గొప్ప భవనంలో వాళ్ళు పెట్టింది ఏమిటి? మధ్యలో ఆకాశానికి తెరిచిన వాకిలి, ఎండను వడకట్టే జాలీ గోడలు, కప్పు మీద గడ్డి. మన తాతగారి మండువా ఇల్లు గుర్తు రాలేదూ? పనిలో పనిగా ఇంకో మాట. ఇంత చిన్న ఇంటికి రేటింగు పలక కోసం వేలు ఖర్చు పెట్టకండి.

టేకు కిటికీలు పీకొద్దు. రెక్కల కిటికీ తెరిస్తే దాదాపు మొత్తం తెరుచుకుంటుంది, రెండు పలకల స్లైడింగుది ఎంత తోసినా సగమే. ఇది నా చాదస్తం అనుకునేవు. కేంద్రం 2018లో ఇళ్ళ కోసం తెచ్చిన ఇంధన పొదుపు నియమావళి 'ఎకో నివాస్ సంహిత' కూడా రెక్కల కిటికీకి 90 శాతం, స్లైడింగుకు 50 శాతమే లెక్క వేస్తుంది. అందులోనే హైదరాబాద్ లాంటి వాతావరణంలో నేల విస్తీర్ణంలో కనీసం 12.5 శాతం తెరుచుకునే ఖాళీ ఉండాలని ఉంది. అంటే 160 చదరపు అడుగుల గదికి 20 చదరపు అడుగులు. మీ పడకగది కొలిచి చూడు. స్లైడింగుకు మారిస్తే ఆ లెక్క తప్పుతుందని నా అనుమానం. పాత రెక్కలకు చిత్రిక పట్టించి, కొత్త బందులు వేయించి, దోమల జాలీ బిగిస్తే ఇంకో ముప్ఫై ఏళ్ళు నిలుస్తాయి. అలాంటి టేకు ఇప్పుడు కొనగలరా?

ఫ్యాన్ల దగ్గర మాత్రం పాతవాటి మీద మమకారం పెట్టుకోకండి. పాత ఫ్యాను 75 వాట్ల దాకా లాగుతుంది, కరెంటు తక్కువ తాగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. ఐదు ఫ్యాన్లు రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 80 యూనిట్లు మిగులుతాయి. 200 యూనిట్లు దాటగానే బిల్లు ఎలా ఎగబాకుతుందో మీకు నేను చెప్పాలా? ఏసీ పిల్లల గదికి ఒకటి పెట్టించండి, మిగతావి ఈ ఎండాకాలం వెళ్ళాక చూద్దాం.

నీళ్ళ విషయం అంచనాలో ఒక్క ముక్క లేదు. మీ మిద్దె సుమారు 1,200 చదరపు అడుగులు. ఒక్క సెంటీమీటరు వాన పడితే దాని మీదే 1,100 లీటర్ల నీళ్ళు పడతాయి. హైదరాబాదులో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన. పోయింది పోగా 70 వేల లీటర్లు పట్టుకోవచ్చు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పద్నాలుగు. ఇప్పుడదంతా వీధి కాలువ పాలు. తూముల గొట్టాలన్నీ కలిపి ఇంకుడు గుంతలోకి వదలండి. అడుగున 40 మిల్లీమీటర్ల కంకర, దాని మీద 20 మిల్లీమీటర్లది, పైన దొడ్డు ఇసుక. పునాదికి ఆనించి తవ్వనివ్వొద్దు. తొలకరి వాన మిద్దె మీది మురికినంతా మోసుకొస్తుంది కనుక దాన్ని బయటికి వదిలేసే వాల్వు ఒకటి పెట్టించండి. ఏటా వానలకు ముందు పై ఇసుక తీసి మార్చకపోతే రెండేళ్ళలో గుంత పూడుకుపోయి అలంకారానికి మిగులుతుంది.

సోలార్ మంచిదే. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేల వరకు రాయితీ వస్తుంది. మూడు కిలోవాట్లకు నీడ పడని మూడు వందల చదరపు అడుగులు కావాలి. పక్క స్థలం ఖాళీగా ఉందన్నావు. రేపు అక్కడ నాలుగంతస్తులు లేస్తే నీ పలకల మీద నీడ ఎంతసేపు పడుతుందో ముందే ఆలోచించు. పలకలు దేశంలో తయారైనవే అయి ఉండాలి, లేకపోతే రాయితీ రాదు. ఇంకొకటి, అమ్మేవాళ్ళు చెప్పనిది: బ్యాటరీ లేని మామూలు సోలార్ కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్ళకు షాకు కొట్టకుండా అలా చేస్తారు. ఇన్వర్టరు అమ్మేయకండి.

పగలగొట్టినదాన్ని రాత్రిపూట చెరువు గట్టున పోసి వచ్చే ట్రాక్టర్లవాళ్ళను పిలవకండి. జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో శిథిలాలను మళ్ళీ ఇసుకగా, కంకరగా మార్చే కేంద్రాలున్నాయి, నగరపాలక సంస్థకు చెబితే తీసుకెళ్తారు. వంటింటి కడప బండలు మాత్రం పంపొద్దు, మిద్దె మీద తొట్లు పెట్టుకోవడానికి పనికొస్తాయి.

ముందుగా మీ నాన్న బీరువాలో ఉన్న పాత మంజూరు ప్లాను ఫోటో తీసి పంపు. అందులో ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో చూశాక పిల్లర్ల సంగతి మాట్లాడదాం. కాంట్రాక్టరుకు అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకండి. మృగశిర కార్తె లోపు మిద్దె పూత అయిపోవాలి కాబట్టి ఆలస్యం చేయకు. పిల్లలకు ముద్దులు, అల్లుడుగారికి నా దీవెనలు.

పెదనాన్న